‘ఎక్సైట్‌మెంట్’ను తెలుగులో ఏమనాలి? – కువైట్ తెలుగువారి మాటల నుండి

తాతముత్తాతల భాషను మళ్ళీ నేర్చుకొంటున్న మన పాఠకులు తెలుగులో మొదటి ఉత్తరం రాయడానికి పూనుకొన్నప్పుడు తడబడే మాటలలో ‘ఎక్సైట్‌మెంట్’ ఒకటి. కారణం ఊహించడం కష్టం కాదు. మారిషస్‌లోనో ఫిజీలోనో డర్బన్‌లోనో పుట్టినవారు ఆంధ్రదేశంలోని బంధువులకు ఉత్తరం రాసే సందర్భం చాలావరకు ఒక ప్రయాణమే. నాలుగైదు తరాల తరువాత ఆ ఊరు చూడబోతున్నారు. ఆ మాట చెప్పాలి. నిఘంటువు తెరుస్తారు, ఎదురుగా ‘ఉద్రేకం’ అని కనిపిస్తుంది. “పెదనాన్నగారూ, మిమ్మల్ని చూడబోతున్నందుకు నాకు చాలా ఉద్రేకంగా ఉన్నది” అని రాసి పంపుతారు. వ్యాకరణం తప్పు లేదు, అక్షరదోషం లేదు. అయినా అది చదివిన పెదనాన్నగారు, ఈ అబ్బాయికి మన మీద ఏదో కోపమున్నట్లున్నదే అని దిగులుపడతారు.

ఉద్రేకం అంటే పొంగిపొర్లడం. సంస్కృతంలో అది మంచికీ చెడుకూ వాడిన మాట. అలంకారశాస్త్రంలో ‘సత్త్వోద్రేకం’ అన్నప్పుడు సత్త్వగుణం మిగిలినవాటిని మించి పైకి రావడమని అర్థం. నేటి తెలుగులో మాత్రం ఆ మాట కోపం వైపుకు, అదుపు తప్పడం వైపుకు జరిగిపోయింది. “ఉద్రేకపడకు, నిదానంగా మాట్లాడు” అంటాం. గుంపును రెచ్చగొట్టే ప్రసంగాన్ని ఉద్రేకపూరిత ప్రసంగమంటాం. ‘కామోద్రేకం’ అనే సమాసం కూడా వాడుకలో ఉన్నందువల్ల, పెద్దలకు రాసే ఉత్తరంలో, అందులోనూ కొత్తగా పరిచయమవుతున్న బంధువులకు రాసే ఉత్తరంలో, ఆ మాటను పూర్తిగా విడిచిపెట్టడమే క్షేమం.

మరి ఏ మాట వాడాలి? ఇక్కడే ఆంగ్లానికీ తెలుగుకూ దారులు వేరవుతాయి. ఆంగ్లపదం మనసు ఎంత కదిలిందో చెబుతుంది. తెలుగు ఎందుకు కదిలిందని అడుగుతుంది. జరగబోయేది మంచిదని తెలుసా, తెలియదా? కోరిక నీదా, నీవారి కోసమా? ఇంకా రావలసి ఉన్నదా, వచ్చేసిందా? ఒంటరిగా ఉన్నావా, పదిమందిలో ఉన్నావా? ఈ ప్రశ్నలకు జవాబు దొరికితే మాట దానంతటదే దొరుకుతుంది. జవాబు లేకుండా మాటను మాత్రమే వెతికితే ఉద్రేకం దగ్గరకు చేరుకొంటాం.

ఈ తేడాలను చూపడానికి ఈ వ్యాసం కువైట్‌ను ఎంచుకొన్నది. ఆ చిన్న ఎడారి దేశంలో సుమారు 10 లక్షల మంది భారతీయులున్నారు. వారిలో తెలుగువారి పాలు చాలా పెద్దది. రాయచోటి, రాజంపేట ప్రాంతాల నుండి, చిత్తూరు పల్లెల నుండి, గోదావరి జిల్లాల నుండి వచ్చినవారు ఎక్కువ. మగవారు డ్రైవర్లుగా, కట్టడపు పనివారుగా, దుకాణాలలో సహాయకులుగా ఉంటారు. ఆడవారిలో పెద్ద సంఖ్య ఇంటిపని చేసేవారిది. రాయలసీమ యాస, గోదావరి యాస ఒకే గదిలో వినిపించే చోట్లు ఆంధ్రదేశంలోనే అరుదు. శుక్రవారం సెలవునాడు ఫర్వానియాలోనో ఖైతాన్‌లోనో అవి పక్కపక్కనే వినిపిస్తాయి. అంతకన్నా ముఖ్యమైన కారణం ఇంకొకటి. 1860లో ‘ట్రూరో’ ఓడలో మద్రాసు నుండి నాటాల్‌కు వెళ్ళినవారిలాగా, 1903 నుండి ఫిజీ ఓడలెక్కినవారిలాగా, వీరూ ఒప్పందం మీద సముద్రం దాటినవారే. వెళ్ళడం, ఎదురుచూడడం, తిరిగి రావడం – మనసు కదలడానికి మన పూర్వులకున్న సందర్భాలన్నీ వీరికున్నాయి. తేడా ఒక్కటే: వీరి మాటలు ఈ రోజు కూడా ఫోనులో వినవచ్చు.

ముందుగా బయలుదేరడం గురించి. గల్ఫ్ వెళ్ళి వచ్చిన పొరుగింటివారు కొత్త ఇల్లు కట్టుకొంటారు. అది చూసిన యువకుడికి తానూ వెళ్ళాలని కలిగే కదలికను తెలుగులో ‘ఉబలాటం’ అంటారు. “కువైట్ పోవాలని ఒకటే ఉబలాటపడుతున్నాడు” అని ఇంట్లో పెద్దవారు అంటారు. గమనించండి, ఆ మాట అతడు తన గురించి తాను చెప్పుకొనేది కాదు. ఇతరులు అతడి గురించి అనేది. అందులో కొంచెం ముద్దు ఉన్నది, కొంచెం మందలింపూ ఉన్నది. ఉబలాటపడేవాడు ముందూ వెనకా చూడడని దాని వెనుక భావం. దానికి దగ్గరి మాట ‘ఉవ్విళ్ళూరడం’. నోరూరడంలో ఉన్న ‘ఊరు’ ఇందులోనూ ఉన్నది. బావిలో నీరు ఊరినట్లుగా లోపలినుండి కోరిక ఊరుతున్నదని అర్థం. ఉవ్విళ్ళూరడంలో మందలింపు పాలు తక్కువ, తపన పాలు ఎక్కువ.

ఏజెంట్ల వ్యాపారమంతా ఈ ఉబలాటం మీదనే నడుస్తుంది. కువైట్‌లో ఇంటిపనివారి వీసా వేరు, సంస్థలలో పనిచేసేవారి వీసా వేరు. మొదటిదాన్ని మనవారు ‘ఖాదిమ్ వీసా’ అని, రెండవదాన్ని ‘షూన్ వీసా’ అని పిలుస్తారు. రెండింటి మధ్య తేడా తెలియకుండా డబ్బు కట్టినవారి కథలు రాయచోటి వైపు ప్రతి ఊళ్ళోనూ వినిపిస్తాయి. 2015లో కువైట్ 68వ నంబరు చట్టం చేసి, ఇంటిపనివారికి రోజుకు 12 గంటలకు మించి పని ఉండరాదని, వారానికొక సెలవు, ఏటా నెలరోజుల జీతంతో కూడిన సెలవు ఉండాలని నిర్ణయించింది. మరుసటి ఏడు కనీస జీతం 60 దినార్లుగా నిలిపింది. విమానమెక్కే ముందు ఈ సంగతులు తెలుసుకొన్నవారికి ఉన్నది ఉత్సాహం. తెలుసుకోకుండా ఎక్కినవారికి ఉన్నది ఉబలాటం. కంగాణీల మాట నమ్మి మలయా రబ్బరు తోటలకు వెళ్ళిన మన పూర్వుల విషయంలోనూ ఈ రెండు మాటల మధ్య ఇంతే దూరమున్నది. వంశచరిత్ర రాసేవారు “మా ముత్తాత ఉత్సాహంగా ఓడ ఎక్కాడు” అని రాసే ముందు ఒక క్షణం ఆగి, ఏ మాట నిజమో ఆలోచించుకోవడం మంచిది.

ఇక ఎదురుచూపు. పత్రికలలో మీకు తరచూ కనిపించే మాట ‘ఉత్కంఠ’. దాని నిర్మాణం అందమైనది: ఉత్ అంటే పైకి, కంఠం అంటే మెడ. గుంపు వెనుక నిలబడినవాడు ముందు ఏమి జరుగుతున్నదో చూడడానికి మెడ పైకెత్తుతాడు చూడండి, ఆ భంగిమే ఆ మాట. కూచిపూడి నేర్చుకొన్న మన అమ్మాయిలకు ఇది మరో రూపంలో పరిచయమే. అష్టవిధ నాయికలలో ‘విరహోత్కంఠిత’ ప్రియుడు రానందుకు పరితపించే స్త్రీ. అంటే ప్రాచీన వాడుకలో ఉత్కంఠ ఎడబాటులోని తపన. నేటి వాడుకలో ఫలితం తెలియని స్థితి. క్రికెట్ పోటీ చివరి బంతి వరకు సాగితే ఉత్కంఠ, ఎన్నికల లెక్కింపు రోజున ఉత్కంఠ. ఫలితం తేలగానే ‘ఉత్కంఠకు తెరపడింది’ అని పత్రికలు రాస్తాయి.

ఆంగ్లపదానికి సమానంగా దీన్ని వాడేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. ఉత్కంఠలో సంతోషం ఉండాలన్న నియమం లేదు. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించింది. అక్కడి భారతీయులు ఎడారి దాటి జోర్డాన్ చేరుకోగా, రాజధాని అమ్మాన్ నుండి లక్షమందికి పైగా భారతీయులను సుమారు రెండు నెలలలో విమానాలలో స్వదేశానికి చేర్చారు. ఆ వారాలలో ఇంటివద్ద ఉన్నవారి స్థితిని రాయవలసి వస్తే, “క్షణక్షణం ఉత్కంఠతో గడిపారు” అని తెలుగులో నిస్సంకోచంగా రాయవచ్చు. దాన్ని ఆంగ్లంలోకి మార్చేటప్పుడు ‘ఎక్సైట్‌మెంట్’ అంటే ఘోరంగా ఉంటుంది. 2018 జనవరి చివర కువైట్ ప్రభుత్వం, నివాస అనుమతి గడువు దాటినవారు జరిమానా లేకుండా దేశం విడిచి వెళ్ళవచ్చని క్షమాభిక్ష ప్రకటించినప్పుడు, మొదట ఫిబ్రవరి 22 వరకు, పిమ్మట ఏప్రిల్ 22 వరకు గడువిచ్చింది. కాగితాలు చేతికి వస్తాయా రావా అని తేలని ఆ రోజులకూ ఉత్కంఠ అనే మాటే సరిపోతుంది. ఆ నివాస అనుమతిని మనవారు ‘అకామా’ అంటారు. “అకామా అయిపోయింది” అన్న చిన్న వాక్యంలో ఎంత భయం ఇమిడి ఉంటుందో గల్ఫ్ కుటుంబాలకు తెలుసు.

అయితే ఉత్కంఠ పుస్తకాల మాట, పత్రికల మాట. రాయచోటిలో కూతురి ఫోను కోసం కూర్చున్న తల్లి నోట ఆ మాట రాదు. ఆమె “మనసు ఒకచోట లేదు” అంటుంది. “కంటిమీద కునుకు లేదు” అంటుంది. ఆమె స్థితిని మనం చెప్పవలసి వస్తే ‘ఆరాటం’ అంటాం. ఆరాటానికి ఎప్పుడూ ఒక మనిషి మీదనో ఒక పని మీదనో దృష్టి ఉంటుంది. తల్లి ఆరాటం బిడ్డ కోసం. “పిల్లలను చదివించాలని ఆరాటపడుతోంది” అంటే తన కోసం కాదని వెంటనే అర్థమవుతుంది. అందుకే అది నిందించే మాట కాదు.

‘ఆత్రం’ వేరు. కువైట్‌లో రాత్రి తొమ్మిది గంటలకు పని ముగించుకొని తల్లి ఫోను చేస్తే రాయచోటిలో పదకొండున్నర. అంతవరకు మేలుకొని ఉన్న పిల్లవాడు ఫోను లాక్కొంటాడు. “అమ్మా, ఎప్పుడొస్తావు? రేపా, ఎల్లుండా?” జేజి పక్కనుండి అంటుంది: “ఆత్రపడాకురా, వచ్చేనెల వస్తాది గదా.” ఈ జేజి కసురుకొంటున్నట్లు వినిపించవచ్చు; కాదు. ఆత్రం కాలాన్ని ముందుకు తోయాలని చూసే కదలిక. దాని మూలమైన ‘ఆతుర’ శబ్దానికి సంస్కృతంలో రోగి అని కూడా అర్థమున్నది. తెలుగులో రోగం పోయి తొందర మిగిలింది. ఆకలిగొన్నవాడు ఆత్రంగా తింటాడు, ఉత్తరం వచ్చినవారు ఆత్రంగా కవరు చింపుతారు. పెద్దవారు దీన్ని చల్లార్చాలని చూస్తారు: “ఆత్రగాడికి బుద్ధి మట్టు” అని ఒక సామెత, “పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్ళు తాగడం మేలు” అని మరొకటి. మీ అవ్వనోట “ఆత్రపడకు” అన్న మాట చిన్నప్పుడు విని, ఆమెకు మీ ఉత్సాహం నచ్చలేదనుకొని ఉంటే, ఆ అర్థం విడిచిపెట్టవచ్చు. ఆమె చల్లార్చాలనుకొన్నది తొందరను మాత్రమే.

ఒక పక్కమాట. కువైట్ ఇళ్ళలో పనిచేసే తెలుగు స్త్రీలు ఇంటి యజమానురాలిని ‘మామా’ అంటారు. మన పాఠకులు ఫోను సంభాషణలలో ఆ మాట విని మేనమామ అనుకోరాదు. అది అరబీలో అమ్మ. యజమాని ‘బాబా’.

వచ్చేనెల రానే వచ్చింది. చెన్నై విమానాశ్రయం నుండి జీపు ఊళ్ళోకి వచ్చింది, అట్టపెట్టెలు దించుతున్నారు, పాలపొడి డబ్బాలు, అత్తరు సీసాలు, మందపాటి దుప్పట్లు. ఇప్పుడు ఇంట్లో ఉన్నది ఆత్రం కాదు, ఉత్కంఠ కాదు, ఆరాటం అసలే కాదు. దీని పేరు ‘సంబరం’. ఉత్తరం రాసే మన పాఠకులకు నిఘంటువు చెప్పవలసి ఉండీ చెప్పని మాట ఇదే. సంబరం అంటే మంచి జరుగుతున్నదని తెలిసి పొంగే మనసు. అందులో భయం లేదు, సందేహం లేదు, కోపానికి చోటు లేదు. “అమ్మను చూసి పిల్లలు సంబరపడిపోయారు” అనే వాక్యానికి ఏ యాసలోనైనా ఒకే అర్థం. పసివారికీ ముసలివారికీ ఒప్పుతుంది. పెద్దలకు రాసినా చనువుగానూ మర్యాదగానూ ఉంటుంది.

సంబరం మనలో కొందరికి ఇంటిమాట కూడా కావచ్చు. ఉత్తరాంధ్రలో గ్రామదేవత పండుగనే సంబరం అంటారు. విజయనగరంలో పైడితల్లి అమ్మవారికి ఏటా జరిగే సిరిమాను ఉత్సవం సిరిమాను సంబరంగా ప్రసిద్ధం. కోరంగి, విశాఖ తీరాల నుండి మారిషస్ వెళ్ళి, అమ్మోరు పండుగను నేటికీ నిలుపుకొన్న కుటుంబాలవారు తమ పెద్దల మాటలలో దీన్ని వెతకి చూడాలి. ఏకవచనంలో సంబరం మనసులోని స్థితి. బహువచనంలో ‘సంబరాలు’ అంటే పదిమంది కలిసి చేసుకొనే వేడుక. “గెలుపు సంబరాలు”, “ఉగాది సంబరాలు” అనే వాడుకలు పత్రికలలో నిత్యం చూస్తాం. వెటకారానికీ ఈ మాట పనికి వస్తుంది: “నీ సంబరం చాల్లే” అంటే అంత పొంగిపోవలసిన పని లేదని. వీసా చేతికి రాకముందే కొత్త ఇంటికి ముగ్గు పోసేవాడిని చూసి ఊరివారు “ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం” అంటారు; అది సంబరం తొందరపడి ముందే వచ్చినప్పుడు వాడే సామెత.

గోదావరివారు సంబరం అనే చోట రాయలసీమవారు చాలాసార్లు ‘కుశాల’ అంటారు. “శానా కుశాలగా ఉండాది” అంటే మనసు హాయిగా, ఉల్లాసంగా ఉన్నదని. ఇది ఖుషీతో బంధుత్వమున్న పారశీక మూలపు మాట. దక్కను నవాబుల పాలనలో ఉర్దూతో కలిసి బ్రతికిన సీమ తెలుగులో స్థిరపడింది. రాసే భాషలో దీన్ని వాడనవసరం లేదు కాని, కువైట్ నుండి ఎవరైనా అంటే అర్థం చేసుకోవాలి.

ఇప్పుడు ‘ఉత్సాహం’. మన పాఠకులలో ఉద్రేకాన్ని తప్పించుకొన్నవారు సాధారణంగా చేరేది ఇక్కడికే. ఇది మంచి మాట. అయితే ఇది ఎదురుచూపు మాట కాదు, పని మాట. ఉత్ అనే ఉపసర్గకు ‘సహ’ అనే ధాతువు కలిసింది. సహించడంలో, సాహసంలో ఉన్న ధాతువే అది. చేయగలనన్న బలం లోపలినుండి పైకి లేవడం ఉత్సాహం. భరతుడి నాట్యశాస్త్రంలో వీరరసానికి స్థాయిభావం ఇదే. ఆనందంతో ఉలిక్కిపడడం, తొందరపడడం, తపించడం వంటివాటిని ఆయన హర్షం, ఆవేగం, ఔత్సుక్యం అనే పేర్లతో వచ్చిపోయే సంచారిభావాలలో చేర్చాడు; ఉత్సాహాన్ని మాత్రం నిలిచి ఉండేవాటిలో ఉంచాడు. ఈ విభజన నేటి వాడుకలోనూ చెక్కుచెదరలేదు. “నాకు ఈ రోజు ఉత్సాహం లేదు” అంటే సంతోషం లేదని కాదు, పని చేయబుద్ధి కావడం లేదని. వృత్తిగా కాక ఇష్టంతో నాటకాలాడేవారి బృందం ‘ఔత్సాహిక నాటక సమాజం’.

కువైట్‌లో ఈ విషయానికి ఒక చక్కని తోడు దొరుకుతుంది. ‘నేనెంతో ఎక్సైటెడ్‌గా ఉన్నాను’ అనడానికి అరబీ మాట్లాడేవారు ‘ముతహమ్మిస్’ అంటారు. ఆ మాట ‘హమాసా’తో పుట్టింది, హమాసా అంటే శౌర్యం, పట్టుదల. తొమ్మిదవ శతాబ్దపు కవి అబూ తమ్మామ్ కూర్చిన ప్రసిద్ధ కవితా సంకలనానికి అదే పేరు. అందులోని మొదటి, అతిపెద్ద భాగం వీరకవితలు. రెండు భాషలకూ చుట్టరికం లేదు. అయినా ఉత్సాహాన్ని వీరత్వం పక్కన కూర్చోబెట్టడంలో రెండూ ఒకేలా ఆలోచించాయి. మన ఛందస్సులో ‘ఉత్సాహ’ అనే పేరుతో ఒక జాతిపద్యం ఉన్నది. ఏడు సూర్యగణాల మీద ఒక గురువు. నడక గుర్రపు దౌడులా ఉంటుంది.

పదిమందిలో కలిగే కదలికకు మాటలు వేరు. ఫిబ్రవరి 25 కువైట్ జాతీయ దినం, 26 ఇరాక్ ఆక్రమణ నుండి విముక్తి పొందిన దినం. ఆ రెండు రోజులూ సముద్రతీరపు దారిలో కార్లు బారులు తీరుతాయి, మునుపు పిల్లలు నీటి తుపాకులతో వచ్చేపోయేవారిని తడిపేవారు. అక్కడ ‘కోలాహలం’ ఉన్నది, పిల్లల ‘కేరింతలు’ ఉన్నాయి. పాటకో ఆటకో జనమంతా ఒక్కటిగా ఊగిపోతే ‘ఉర్రూతలూగారు’ అంటాం. ఇవి గుంపుకు చెందిన మాటలు కనుక “నేను ఇంట్లో కూర్చొని ఉర్రూతలూగాను” అంటే నవ్వు వస్తుంది.

మిగిలినది ‘ఉద్వేగం’. వేగంగా కొట్టుకొనే గుండె, వణికే గొంతు – ఇది ఆ స్థితి. సంతోషం వల్ల కావచ్చు, దుఃఖం వల్ల కావచ్చు, రెండూ కలిసిపోయి ఏదని చెప్పలేనప్పుడు మరీ సరిపోతుంది. ఏళ్ళ తరువాత విమానాశ్రయంలో తల్లిని చూసిన బిడ్డ మాట రాక నిలబడిపోతే, ఆ నిలబడిపోవడం ఉద్వేగం. ఇంటికి చేరి అమ్మ కొంగు పట్టుకొని తిరిగేది సంబరం. తాము విడిచి వెళ్ళిన గ్రామాన్ని నాలుగు తరాల తరువాత చూసిన మన పాఠకులు తమ అనుభవాన్ని రాసేటప్పుడు ఎక్కువమందికి కావలసిన మాట ఇదేనని నా అభిప్రాయం. ఇటీవల దీని ముందు ‘భావ’ చేర్చి ‘భావోద్వేగం’ అనడం వాడుకైంది. సభలో కన్నీరు పెట్టుకొన్న ప్రతివారూ “భావోద్వేగానికి గురయ్యారు” అని వార్త వస్తుంది. ఎక్కువగా వాడి దాని పదును తగ్గించారు. ఉద్వేగం ఒక్కటే చాలు.

ఉత్సాహం, ఉత్కంఠ, ఉద్వేగం, ఉద్రేకం, ఉల్లాసం అన్నీ ఒకే ఉపసర్గతో మొదలవడం మీరు గమనించే ఉంటారు. ఉత్ అన్నది తరువాతి అక్షరాన్ని బట్టి రూపం మార్చుకొంటుంది: వకార రేఫల ముందు ఉద్ అవుతుంది, లకారం ముందు ఉల్ అవుతుంది, మకారం ముందు ఉన్ అవుతుంది – ఉన్మాదంలో వలె. అన్నిటా అర్థం పైకి లేవడమే. లేచేది మెడనా, బలమా, గుండెదడా, అన్నదే తేడా. ఉబలాటం, ఉవ్విళ్ళు కూడా ఉకారంతో మొదలవుతాయి కాని ఆ చుట్టరికం పైపైదే. అవి తెలుగు గడ్డ మీద పుట్టినవి.

వాక్యంలో వాడేటప్పుడు వీటి నడక ఒకటి కాదు. ఉత్సాహం మనిషికి చెందినది కనుక “నేను ఉత్సాహంగా ఉన్నాను” అనవచ్చు. ఆత్రం, సంబరం మనిషికి కలిగేవి కనుక “నాకు ఆత్రంగా ఉన్నది”, “నాకు సంబరంగా ఉన్నది” అనాలి. “నేను సంబరంగా ఉన్నాను” అనేది చెవికి ఇంపుగా ఉండదు. వీటికి ‘పడు’ చేరుతుంది: సంబరపడు, ఆత్రపడు, ఆరాటపడు, ఉబలాటపడు. భయపడు, సిగ్గుపడు, ఆశపడు అనేవాటిలో ఉన్న పడు ఇదే. ఉత్సాహాన్ని ‘చూపవచ్చు’, సంబరాన్ని చూపలేము, పడవలసిందే. ఉద్వేగానికి మనం ‘లోనవుతాము’. ఉత్కంఠ మరొక క్రియకు తోడుగా నిలుస్తుంది: “ఉత్కంఠతో ఎదురుచూస్తున్నాము.”

ఇప్పుడు ఆ ఉత్తరాన్ని మళ్ళీ రాయవచ్చు. “పెదనాన్నగారూ, మిమ్మల్నందరినీ చూడబోతున్నానని తలచుకొంటేనే ఎంతో సంబరంగా ఉన్నది. ఎప్పుడెప్పుడు వస్తానా అని ఆత్రపడుతున్నాను.” తన ఆత్రాన్ని తానే ఒప్పుకోవడంలో చిన్నవారి వినయం ఉన్నది, అది చదివి పెద్దవారు నవ్వుకొంటారు. వయసులో సమానులైన పినతండ్రి పిల్లలకైతే “మన ఊరు చూడాలని ఉవ్విళ్ళూరుతున్నాను” అనండి. వంశవృక్షం పనిలో మీకు సాయపడిన ఉపాధ్యాయుడికి “మీ ఉత్సాహం చూసి నాకూ ఉత్సాహం కలిగింది” అని రాయండి. అదే ఉపాధ్యాయుడు పాత దస్తావేజులలో మీ ముత్తాత పేరు వెతుకుతున్నాడంటే, జవాబు కోసం “ఉత్కంఠతో ఎదురుచూస్తున్నాను.”

ఆంధ్రదేశంలో నేటి యువతరం ఇంత వెతుకులాట పెట్టుకోదన్నది నిజం. “ఫుల్ ఎగ్జైట్ అయ్యాను”, “భలే ఎగ్జైటింగ్‌గా ఉంది” అని ఊరుకొంటుంది. కువైట్‌లో పుట్టిన తెలుగు పిల్లలూ అంతే. మీ వయసువారితో మాట్లాడేటప్పుడు ఆ మాట వాడితే ఎవరూ తప్పు పట్టరు. దానికి బదులు మాట్లాడే భాషలోనే ఒక తేలికైన మాట కావాలంటే ‘హుషారు’ ఉన్నది. మెలకువగా ఉండడమనే అర్థంలో పారశీకం నుండి ఉర్దూ మీదుగా వచ్చి, తెలుగులో చురుకుదనంగా మారింది. జ్వరం తగ్గి లేచిన పిల్లవాడిని చూసి “ఈ రోజు హుషారుగా ఉన్నాడు” అంటారు, పాట బాగుంటే “హుషారైన పాట” అంటారు. శుక్రవారం ఉదయం ఫర్వానియా గదులలో, వారమంతా మూసుకొని ఉన్న గొంతులు విప్పుకొనేవేళ, ఎక్కువగా వినిపించేది ఇదే: “ఏం బావా, ఈ రోజు మంచి హుషారు మీదున్నావే!”